కర్బన సూక్ష్మపదార్థములు: వాని విద్యుద్గుణములను కొలుచు విధము

(వార్షిక మహాసభ రెండవ దినమున విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నాకు వ్రాసిన లేఖలో, నూతన పదార్థములను గుఱించి అందఱకును బోధపడునట్లు మాటలాడవలెనని కోరియున్నారు. ఆ పదార్థముల మహిమలు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. అవి ఉక్కుకంటె గట్టివనియు, రాగికంటె మిన్నగా విద్యుత్తును కొనిపోవుననియు, రేపో మాపో మన యిండ్లలోని యంత్రములన్నియు వానితోనే నిండిపోవుననియు వ్రాయుచుందురు. ఆ మహిమలను మఱియొకమాఱు వర్ణించుటకు నేను రాలేదు. అందు నిజమెంతయో తెలిసికొనుటకు ఎట్లు కొలువవలెను, కొలిచినవాడు చెప్పిన అంకెను ఎంతవఱకు నమ్మవలెను అను ఒక్క విషయమునే మీ యెదుట ఉంచదలచితిని.

ఇది ఈ సభకు తగిన విషయమని నా నమ్మకము. లక్క పోసిన నగను త్రాసులో పెట్టినప్పుడు తూగినదంతయు బంగారము కాదని మనలో చిన్నపిల్లవానికిని తెలియును. అందు లక్క యెంత, రాళ్లెంత, అతుకునకు వేసిన టంకమెంత అని లెక్కగట్టి తీసివేసినగాని నికరమైన బంగారము తేలదు. ఎక్కువ తీసినచో అమ్మువానికి నష్టము. తక్కువ తీసినచో కొనువానికి నష్టము. నేడు నేను చెప్పబోవు కొలతయందు బంగారము ఆవగింజంత, లక్క గుమ్మడికాయంత. శాస్త్రజ్ఞుల నేర్పంతయు, వారిలో పుట్టిన వివాదములలో పెక్కును ఆ తీసివేతయందే యున్నవి.

ముందు పదార్థమును పరిచయము చేసెదను. బొగ్గు, వజ్రము, పెన్సిలులోని గ్రాఫైటు, ఈ మూడును కర్బనమే. గ్రాఫైటు నెల్లూరు సీమలో దొరకు అభ్రకమువలె పొరలు పొరలుగా నుండును. ఆ పొరలలో ఒక్కదానిని మాత్రము వేఱుచేసినచో దానికి గ్రాఫీనని పేరు. దాని మందము ఒక మీటరులో నూఱుకోట్లవ భాగమైన నానోమీటరులో మూడవవంతు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గైమ్, నోవోసెలోవ్ అను ఆచార్యులు గ్రాఫైటుమీద జిగురుపట్టీ నంటించి పీకుచు పీకుచు 2004లో ఈ పొరను చేజిక్కించుకొని దాని విద్యుద్గుణములను ప్రకటించిరి. 2010లో నోబెల్ బహుమానము పొందిరి. ఆ పొరను చాపవలె చుట్టిన రూపమున నుండునదే కర్బన సూక్ష్మనాళము. జపాను శాస్త్రజ్ఞుడైన ఇయీజిమా 1991లో పలుగోడల నాళములను, 1993లో ఒక్క గోడ గల నాళములను లోకమునకు చూపెను. అమెరికాలో బెథూన్ అనునాతడును ఆ యేడే ఒంటిగోడ నాళములను ప్రకటించెను. ఒంటిగోడ నాళపు అడ్డుకొలత ఒకటి రెండు నానోమీటర్లు. మన తలవెండ్రుక సుమారు 80,000 నానోమీటర్ల మందమని తలచుకొన్నచో అది యెంతటి సన్ననిదో ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు శాస్త్రజ్ఞులు పదునేడవ శతాబ్దపు డమాస్కసు ఖడ్గపు తునక నొకదానిని ఆమ్లముతో కరిగించి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కర్బననాళములు కనబడినవని ప్రకటించిరి. అట్టి ఖడ్గములకు వలసిన ఉక్కుముద్దలు మన దేశమునుండి పోయెడివి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మన కమ్మరులు మూసలలో తీసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఇంతవఱకు చరిత్ర. దీనిని పట్టుకొని మన పూర్వులు నానోవిద్య నెఱిగియుండిరని వేదికలమీద చెప్పుట నాకు సమ్మతము కాదు. ఆ ఖడ్గము కోనసముద్రపు ఉక్కుతోనే చేసినదని రుజువేమియు లేదు. మూసలో ఏమి వేయవలెనో, ఎంత వేడి తగిలింపవలెనో, ఎంత నెమ్మదిగా చల్లార్పవలెనో మన కమ్మరికి తెలియును. ఆ విద్య తక్కువది కాదు. దానికి లేని నగను తొడుగ నక్కఱలేదు.

ఇక విద్యుత్తు మాట. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో నటునిటు ఊగును. చేతిఫోనులలో పనిచేయునది కొన్ని గిగాహెర్ట్జుల విద్యుత్తు. ఒక గిగాహెర్ట్జనగా సెకనుకు నూఱుకోట్ల ఆవృత్తములు. విమానములను కనిపెట్టు రాడారులు పెక్కులు 10 గిగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. మెల్లగా ఊగు విద్యుత్తును కొలుచుట సులభము. రెండు తీగలు తగిలించి, ఎంత ఒత్తిడికి ఎంత ప్రవాహము వచ్చినదో చూచినచో చాలును. పౌనఃపున్యము పెరిగినకొలది విద్యుత్తు స్వభావమే మాఱిపోవును. తీగలో నిలువక, తగులని రెండు లోహముల నడుమనుండి కూడ దాటిపోవును. ప్రతి అతుకునొద్దను కొంత వెనుకకు మరలును. లోహపు లోపలిభాగమును వదలి పైపొరలోనే పరుగెత్తును. 10 గిగాహెర్ట్జులవద్ద రాగిలో ఆ పొర లోతు ఒక మిల్లీమీటరులో వెయ్యవ భాగముకూడ లేదు, అందు మూడింట రెండు వంతులు మాత్రమే. కాబట్టి నాలుగైదు మైక్రాన్ల గిల్టు వేసిన తీగకును నిండు బంగారపు తీగకును ఆ విద్యుత్తు భేదమెఱుగదు. ఒరగల్లుమీద నిలువని సరకు అచ్చట బంగారముగానే చెల్లును! ఇది మన స్వర్ణకార సోదరులకు నచ్చని సంగతియైనను నిజము.

కర్బననాళమును ఈ వేగమున ఎందుకు కొలువవలెనని యడుగుదురేమో. నాళములో ఎలక్ట్రానులు అడ్డు తగులకుండ చాలదూరము పరుగెత్తగలవు. అట్టి నాళముతో ట్రాన్సిస్టరు చేసినచో అది మహావేగముతో పనిచేయవలెనని గణితము చెప్పుచున్నది. కాలిఫోర్నియాలోని ఇర్వైను విశ్వవిద్యాలయమున బర్క్ అను ఆచార్యుడు 2002లో ఈ గణితమును విస్తరించి వ్రాసెను. గణితము చెప్పినంతమాత్రమున చాలదు గదా, కొలిచి చూడవలెను. కొలువబోయినప్పుడే చిక్కులు మొదలైనవి.

మొదటి చిక్కు నిరోధమును గుఱించినది. అధిక పౌనఃపున్య పరికరములన్నియు, వాని గొట్టపుతీగలును కొనలును, 50 ఓముల ప్రమాణమునకు కట్టుబడి చేయబడినవి. లోహస్వభావము గల ఒంటిగోడ నాళమునకు రెండుకొనలను ఎంత చక్కగా అతికినను నిరోధము సుమారు 6,450 ఓములకు తగ్గదు. ఇది పనివాని లోపము కాదు, ప్రకృతి విధించిన హద్దు. అతుకు చక్కగా కుదరనిచో 20,000 ఓములు, 50,000 ఓములు, ఇంకను ఎక్కువగా నుండును.

కమ్మరి సోదరులు దీనిని ఇట్లు గ్రహింపవచ్చును. కాగిన ఇనుమును దాగలిమీద నుంచి సమ్మెటతో కొట్టినచో దెబ్బలోని బలము ఇనుములో ఇంకిపోవును. ఏమియు లేని దాగలిని కొట్టినచో సమ్మెట ఎగిరి వెనుకకు వచ్చును. 50 ఓముల తీగలో వచ్చు అల 6,450 ఓముల నాళమును తాకినప్పుడు ఇదే జరుగును. నూటికి 97 పాళ్లు వెనుకకు పోవును. మూడు పాళ్లు మాత్రమే నాళములోనికి చొచ్చును. నాళపు నిరోధము 25,000 ఓములైనచో లోనికి పోవునది ఒక పాలుకూడ ఉండదు. వెనుకకు వచ్చిన దెబ్బనుబట్టి దాగలిమీద ఇనుమున్నదో లేదో, ఉన్నచో ఎంత కాగినదో చెప్పవలసిన పని కొలుచువానిది. వట్టి దాగలికిని ఈ దాగలికిని భేదము వెండ్రుకవాసి.

రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. నాళము కంటికి కనబడనిది. దానిని పరికరమునకు తగిలించుటకు సిలికానుపలకమీద బంగారపు దిమ్మెలు పరువవలెను. దిమ్మె ఒక్కొక్కటి వెండ్రుకమందము వెడల్పుండును. నాళము దానికంటె వేల రెట్లు సన్నము. దిమ్మెకును దిమ్మెకును నడుమ ఖాళీ ఉన్నను, ఇంతకుముందు చెప్పినట్లు వడిగా ఊగు విద్యుత్తు ఆ ఖాళీని దాటును. ఈ దాటించు శక్తిని కెపాసిటన్సని అందురు. దానిని కొలుచు ప్రమాణము ఫారాడు. ఫారాడులో పదికోట్లకోట్లవ భాగమైన ఫెమ్టోఫారాడును తీసికొందము. అంతకంటె అల్పమైనదేముండునని అనిపించును. అట్లయ్యును 10 గిగాహెర్ట్జులవద్ద ఆ ఒక్క ఫెమ్టోఫారాడు సుమారు 16,000 ఓముల మార్గముతో సమానము. అనగా నాళమెంత విద్యుత్తును పోనిచ్చునో రమారమి అంతే దొంగదారినిగూడ పోవును. దిమ్మెకును క్రిందిపలకకును నడుమనుండు కెపాసిటన్సు పదుల ఫెమ్టోఫారాడుల వఱకు పోవుట మామూలు. మైక్రాను పొడవు నాళముయొక్క సొంత కెపాసిటన్సో, ఒక ఫెమ్టోఫారాడులో పదవవంతుకుగూడ రాకపోవచ్చును. లక్క గుమ్మడికాయంత యని నేననినది ఇందులకే.

కొలుచు విధమును కొంచెము వివరముగా చెప్పెదను. ఏలయన నేర్పంతయు అందే యున్నది. పలకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, మూడు పండ్ల చిన్న పట్టుకొనలను దిమ్మెలమీద దింపుదురు. నడిమి పన్ను అలను తెచ్చును. ప్రక్కపండ్లు రెండును భూమికి కట్టినవి. పండ్ల నడుమ దూరము మిల్లీమీటరులో పదవవంతు, లేక అంతకు కొంచె మెక్కువ. దింపుటలో ఒత్తిడి ఎక్కువైనచో బంగారము గీరుకొనిపోవును, తక్కువైనచో తగులదు. వెక్టరు నెట్వర్కు అనలైజరను పరికరము ఒక కొననుండి అలను పంపి, వెనుకకు మరలినదెంతో, అవతలికి దాటినదెంతో, ఎంత ఆలస్యముగా వచ్చినదో అన్నియు వ్రాసికొనును. ఆలస్యమును వ్రాసికొనుటలోనే దాని గొప్పతనము. బలమును మాత్రమే చెప్పునది సగము సంగతియే చెప్పును.

నాళమును కొలువకముందు పరికరమునే కొలువవలెను. పట్టుకొనలను గాలిలో నెత్తి ఒకమాఱు, బంగారపు పట్టీమీద దింపి ఒకమాఱు, సరిగా 50 ఓములకు చెక్కిన నిరోధముమీద ఒకమాఱు, రెండుకొనలను కలిపి ఒకమాఱు కొలుతురు. ఇవి నాలుగును ముందే తెలిసిన బరువులు. త్రాసు ఎటువైపు మొగ్గుచున్నదో వీనివలన తెలియును. ఆ తరువాత తీగను కదపరాదు. గది వేడి మాఱరాదు. తీగ కొంచెము వంగినను అల ఆలస్యము మాఱి, ఉదయము దిద్దిన త్రాసు మధ్యాహ్నమునకు చెడిపోవును.

ఈ కొలతలను పటముమీద గుర్తించుటకు ఇంజనీర్లు వాడు వలయాకారపు పటమొకటి కలదు. దానిని 1939లో ప్రకటించినది అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన ఫిలిప్ స్మిత్. స్మిత్ అనగా వారి భాషలో కమ్మరియని అర్థము. ఆయన పూర్వులు కొలిమి ఊదిరో లేదో నాకు తెలియదు గాని, పేరు విన్నప్పుడెల్లను మనవాడే యనిపించును.

పరికరము తప్పు దిద్దుకొన్న తరువాత దిమ్మెల తప్పు మిగిలియుండును. దానికై అదే పలకమీద, అవే కొలతలతో, నాళము లేని ఉత్త దిమ్మెలను కొన్నిటిని చేయుదురు. వానిని కొలిచి ఆ విలువను అసలు కొలతనుండి తీసివేయుదురు. దిమ్మెల నడుమ లోహము పోసినవానిని కొలిచి తీగల నిరోధమును తీసివేయుదురు. నగను తూచుటకు ముందు అట్టిదే వట్టి లక్కబొమ్మను చేసి తూచినట్లు. వినుటకు సులభము. ఐతే వేయినుండి తొమ్మిదివందల తొంబదితొమ్మిదిని తీసివేసి మిగిలిన ఒకటిని నిజమనవలెనన్నచో, ఆ తొమ్మిదివందల తొంబదితొమ్మిదిలో వెయ్యవవంతు పొరపాటు వచ్చినను మిగిలినదంతయు అబద్ధమగును. రెండు దిమ్మెల జతలు ఒక్కచేతితో చేసినవైనను అచ్చముగా ఒక్కటిగా నుండునా?

ఉండవు కనుక కొందఱు వేఱుదారులు త్రొక్కిరి. అర్ధవాహకపు నాళమైనచో ప్రక్కనున్న ద్వారమునకు ఒత్తిడి మార్చి దానిని మూయవచ్చును, తెఱవవచ్చును. తెఱచినప్పటి కొలతనుండి మూసినప్పటి కొలతను తీసివేసినచో, దిమ్మెలు అవే గనుక వాని తప్పు చాలవఱకు తొలగును. లోహస్వభావపు నాళమునకు ఈ ఉపాయము చెల్లదు. దానిని మూయుటకు వీలులేదు. అచ్చట కఠినమైన ఉపాయమొకటి కలదు. ముందు నాళముతో కొలిచి, పిదప మితిమీఱిన ప్రవాహము పంపి నాళమును కాల్చివేసి, మిగిలిన దిమ్మెలను మరల కొలుచుట. నగను కరగించి నికరము తేల్చుటవంటిదే ఇది. భేదమేమనగా, కొలిమిలో లక్క కాలి బంగారము మిగులును, ఇచ్చట బంగారమే కాలి లక్క మిగులును. మరల కొలువవలెనన్న నాళము లేదు. ఐనను నాకు ఈ పద్ధతిమీదనే గురి యెక్కువ.

ఇంత శ్రమపడి తెలిసికొనదగిన విశేషమేమున్నదనగా, నాళములో ఎలక్ట్రాను బరువు కనబడును. మామూలు తీగలో ఎలక్ట్రానులు లెక్కకు మిక్కిలి. ఒక్కొక్కటి నత్తనడక నడచినను ప్రవాహము చాలినంత వచ్చును. నాళములో దారులు నాలుగే. కొలదిపాటి ఎలక్ట్రానులు మహావేగముతో పరుగెత్తవలెను. పరుగెత్తువానిని నిలుపుట, నిలిచినవానిని పరుగెత్తించుట కష్టము గనుక కుమ్మరిసారె వలె అవి వెంటనే తిరుగవు, వెంటనే ఆగవు. ఈ జడత్వము తీగలోని ఇండక్టన్సువలె పనిచేయును. మైక్రాను పొడవు నాళమునకు గణితము చెప్పు విలువ సుమారు 4 నానోహెన్రీలు. మామూలు తీగకు అయస్కాంతమువలన కలుగు ఇండక్టన్సుతో పోల్చినచో ఇది వేలరెట్లు ఎక్కువ. ఇంత పెద్దదియైనను కొలతలో దాగిపోవును. 10 గిగాహెర్ట్జులవద్ద 4 నానోహెన్రీలు 250 ఓములకు సమానము. 6,450 ఓముల నిరోధముతో లంబముగా కలియుటచే మొత్తము 5 ఓములైన పెరుగదు! ఆలస్యములో మాత్రము రెండు డిగ్రీలకు కొంచె మెక్కువ భేదము కనబడును. తీగను కదపరాదని నేను చెప్పినది ఈ రెండు డిగ్రీల కొఱకే. పెక్కు నాళములను కట్టగా కట్టినచో నిరోధము తగ్గి కొలత సులభమగును గాని, కట్టలో ఎన్ని నాళములకు అతుకు నిజముగా కుదిరినదో చెప్పుట మఱియొక చిక్కు. 2007లో ఇంటెల్ కంపెనీకి చెందిన ప్లాంబన్, ఆయన సహచరులు ఒంటినాళములను, కట్టలను రెండింటిని కొలిచి ప్రకటించిరి.

మఱికొందఱు చుట్టుదారిని పోయిరి. నాళము ఒత్తిడికి సరిసమానముగా ప్రవాహమునీయదు. ఆ వంకరనే ఉపయోగించుకొని, వేగమైన రెండు అలలను నాళములో కలిపి, వాని భేదముగా పుట్టిన మందగతి ప్రవాహమును మామూలు పరికరముతో కొలువవచ్చును. 2005లో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు ఈ విధముగా ఒక్క నాళముతో 50 గిగాహెర్ట్జుల వఱకు పోయిరి. దీనికి దొంగదారుల బెడద తక్కువ. అంత వేగమున నాళము స్పందించినదని చెప్పునే గాని, ఎంత బలముగా స్పందించినదో సూటిగా చెప్పదు. 2007లో బర్క్లీలో జెట్టల్ అను ఆచార్యుడు, ఆయన శిష్యులు ఒక్క నాళమును రేడియోగా చేసి పాట వినిపించిరి. అందు నాళము వీణతంతివలె నిజముగా కంపించును. అది వేఱు కథ. పిల్లలకు చెప్పుటకు మిక్కిలి బాగుండును.

ఇక వివాదమునకు వత్తును. ట్రాన్సిస్టరు ఎంత వేగమువఱకు ప్రవాహమును పెంచగలదో చెప్పు అంకెను కటాఫు పౌనఃపున్యమందురు. గ్రాఫీను ట్రాన్సిస్టర్ల విషయమున 2010 ఫిబ్రవరిలో ఐ.బి.ఎం. కంపెనీవారు 100 గిగాహెర్ట్జులనిరి. అదే సంవత్సరము లాస్ ఏంజెలీసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 300 అనిరి. 2012లో వారే 427 అనిరి. పత్రికలు చదివినవారు రెండేండ్లలో నాలుగురెట్లు వేగము పెరిగినదని సంతోషించిరి. ఈ అంకెలన్నియు తీసివేత జరిగిన తరువాతి అంకెలు. తీసివేతకు ముందు పరికరముమీద కనబడిన వేగము ఇందుకు చాల తక్కువ. వారు మోసము చేసిరని నేననుట లేదు. ఎట్లు తీసివేసిరో తమ వ్యాసములలో వ్రాసియే యున్నారు. పదార్థమునకు స్వతస్సిద్ధముగా నున్న శక్తి యెంతయని తెలిసికొనుటకు ఆ అంకె అవసరము. చిక్కేమనగా, ఉత్త దిమ్మెల నమూనాలో ఎంత లోహమును చేర్చవలెనను విషయమున అందఱిదియు ఒక్క పద్ధతి కాదు. దిమ్మెలను మాత్రమే చేర్చినచో ఒక అంకె; ద్వారపు లోహమునుగూడ నాళము అంచువఱకు చేర్చి తీసివేసినచో ఇంకొక పెద్ద అంకె. మఱియు ట్రాన్సిస్టరును నిజముగా రేడియోలో పెట్టినప్పుడు దిమ్మెలు దానితోనే పోవును. వానిని తీసివేసి వాడుటకు వీలులేదు. ఇదిగాక గ్రాఫీనుతో ప్రవాహమును పెంచుట ఒకయెత్తు, బలమును పెంచుట మఱియొకయెత్తు. ఈ రెండవ విషయమున అది చాల వెనుకబడినది. ఆ అంకె పత్రికల శీర్షికలకు ఎక్కలేదు.

నాళముల పక్షమున 2019లో అమెరికాలో రూథర్‌గ్లెన్, ఆయన సహచరులు వరుసగా పేర్చిన నాళములతో ట్రాన్సిస్టర్లు చేసి, దిమ్మెల భారమును తీసివేయకయే 100 గిగాహెర్ట్జులు దాటినట్లు చూపిరి. ప్రవాహపు అంకెయు బలపు అంకెయు రెండును దాటినవి. నా దృష్టిలో 427కంటె ఈ నూఱు పెద్దది.

గ్రాఫీనుమీద నాకు చిన్నచూపు కలదని తలపవలదు. మెల్లని విద్యుత్తులో అది ప్రమాణపీఠమునే యెక్కినది. బలమైన అయస్కాంతక్షేత్రమున, మిక్కిలి చల్లదనమున గ్రాఫీనునకు చూపబడు నిరోధము 25,812.807 ఓములలో సరిగా సగమగును. 2019 మే 20వ తేదీనుండి అమలులోనున్న ప్రమాణముల ప్రకారము ఆ సంఖ్య ప్రకృతి స్థిరాంకములచేతనే నిర్ణీతము. కొన్ని దేశముల ప్రమాణశాలలలో ఓమునకు పడికట్టురాయిగా గ్రాఫీనునే వాడుచున్నారు. ఒక్క పదార్థము ఒకచోట పడికట్టురాయి, మఱియొకచోట తూకమునకు చిక్కనిది!

ఇప్పుడు మన పోషకులకు, వర్తకులకు పనికివచ్చు మాట చెప్పెదను. ఒంటినాళముల సంగతి ప్రయోగశాలలది. అంగడిలో దొరకునది పొడి. దానిని రంగులలో, రబ్బరులో, ప్లాస్టిక్కులో కలిపి, రేడియో అలలను అడ్డు తెరలుగా, వేడిని పంచు పూతలుగా అమ్ముచున్నారు. 2018లో ఒక శాస్త్రజ్ఞుల బృందము లోకమునందలి 60 ఉత్పత్తిదారుల గ్రాఫీను సరకును తెప్పించి పరీక్షించినది. వానిలో పెక్కింటియందు నిజమైన గ్రాఫీను నూటికి పది పాళ్లయినను లేదు. సగమునకు మించి యున్న సరకు ఒక్కటియు లేదు. మిగిలినది గ్రాఫైటు పొడి. పదవవంతు బంగారము గల నగను మేలిమియని అమ్మినవానిని మనము కులములో నిలువనిత్తుమా?

పొడిని, పూతను కొలుచుటకు వేఱు పద్ధతులు కలవు. ఒకటి, దీర్ఘచతురస్రపు ఇత్తడిగొట్టములో నమూనాను బిగించి అలను పంపుట. ఇందు నమూనాకును గొట్టపు గోడకును నడుమ కాగితమంత సందున్నను లెక్క తప్పిపోవును. రెండవది నాకు ప్రియమైనది. అలలు లోపల తిరుగు మూతవేసిన లోహపు పెట్టెయందు పూతవేసిన పట్టీని మెల్లగా దింపుదురు. కంచరి సోదరులు పాత్రను మీటి నాదమునుబట్టి బీటను కనిపెట్టుదురు గదా. అట్లే ఈ పెట్టెకును ఒక నాదమున్నది. పట్టీ దిగినకొలది ఆ నాదము కొంచెము దిగును, మ్రోత త్వరగా ఆగును. ఎంత త్వరగా ఆగినదో దానిని బట్టి పట్టీ విద్యుత్తునెంత కొనిపోవునో తేలును. దిమ్మెలు లేవు, అతుకులు లేవు, లక్క లేదు. గ్రాఫీనునకు ఈ పద్ధతిని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషనువారు 2016లో సాంకేతిక నిర్దేశముగా ప్రకటించిరి.

కనుక మీలో ఎవరినైనను ఇట్టి సరకుల వ్యాపారమున పెట్టుబడి పెట్టుమని అడుగవచ్చినవారిని ఈ ప్రశ్నలడుగుడు: ఈ అంకెను ఏ పౌనఃపున్యమువద్ద కొలిచిరి? తీసివేతకు ముందెంత, తరువాత నెంత? ఒక్క నమూనానే కొలిచిరా, పదింటిని కొలిచిరా? కొలిచినది మీ పరికరశాలయేనా, సంబంధములేని ఇతరులు కూడ కొలిచిరా? నిజమైన పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషించును. కాగితములు తీసి చూపును. కోపగించుకొన్నవానికి నమస్కారము పెట్టి పంపివేయుడు.

మన యువకుల మాట ఒకటి మిగిలినది. యంత్రములు నగలు పోయుట మొదలైన నాటినుండి చేతిపని నేర్చిన కుఱ్ఱవాండ్రు ఊరువిడిచి ఏదో యొక కొలువునకు పోవుచున్నారు. పట్టుకొనలను దిమ్మెలమీద దింపుట కేవలము పుస్తకవిద్య కాదు. ఊపిరి బిగబట్టి, బంగారము చిరుగకుండ, పన్ను జాఱిన జాడనుబట్టి ఒత్తిడిని గ్రహించి దింపవలెను. ఇంజనీరింగు చదివినవారిలో పెక్కుమందికి ఇది నెలలతరబడి చేతికి రాదు. పటకారుతో కెంపును గూటిలో కూర్చోబెట్టిన చేతికి ఇది వచ్చును. ఆ చేతికి గణితము తోడైనచో మఱి చెప్పవలసినది లేదు. భారత ప్రభుత్వమువారు 2008లో బెంగళూరులోని భారత విజ్ఞానసంస్థయందును బొంబాయి ఐ.ఐ.టి.యందును బయటి కళాశాలలవారికి ఇట్టి పని నేర్పుటకు ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రాం అను పథకము నారంభించిరి. హైదరాబాదులో రాడారు పరికరములను చేయు సంస్థలు పెక్కులున్నవి. అధిక పౌనఃపున్యపు కొలత తెలిసినవారు వారికి నిత్యము కావలసినవారే. మన విద్యానిధినుండి ఏటేట ఇచ్చు బహుమానములలో కొంత తగ్గించియైనను, ఇద్దఱు విద్యార్థుల ప్రయాణవ్యయమునకు, బసకు ఈయవలసినదిగా నిధి సంరక్షకులను కోరుచున్నాను. పలకలు పగులును, పట్టుకొనలు విఱుగును. ఆ ఖర్చునుగూడ ముందే లెక్కలో వ్రాసికొనుడు. తరుగు లేని పని లేదు.

వెనుకటి గదిలో బల్లమీద ఒక పాత పట్టుకొనను, పరికరమును దిద్దుకొను పలక నొకదానిని ఉంచితిని. భోజనానంతరము చూడవచ్చును. పలకమీది బంగారపు గీతలను కంటికద్దము పెట్టుకొని చూడుడు గాని, పండ్లను మాత్రము వ్రేలితో ముట్టవలదు.